మస్కిటో ఎడమకే ఎందుకు తిరుగుతుంది? పన్నెండు విమానాలు పోగొట్టుకున్నాను

కోనేటికట్ట · తిరుపతి · శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్‌లో మస్కిటో ఎఫ్‌బి 6 ఎక్కుతున్నాను, రెండో ప్రపంచ యుద్ధం నాటి రెండింజిన్ల బ్రిటిష్ విమానం. ఎక్కుతున్నాను అన్న మాటే గానీ ఇంతవరకు ఒక్కసారీ ఎగరలేదు. లెక్క రాసి పెట్టుకున్నాను, పన్నెండు ప్రయత్నాలు. మూడుసార్లు రన్‌వే దాకా వెళ్లకుండానే గడ్డిలోకి పోయి ప్రొపెల్లర్ విరిగింది. ఏడుసార్లు రన్‌వే మీద పరుగు సగంలో ఎడమకు తిరిగి, తన చుట్టూ తానే గిరగిరా తిరిగింది. ఒకసారి రెక్క నేలకు రాసుకుంది. పన్నెండోది చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. పక్కన ఊరికే నిలబడి ఉన్న స్పిట్‌ఫైర్ విమానాన్ని గుద్దాను.

జెట్ విమానాలు బాగానే నడుపుతాను. నా దగ్గర ఉన్నది మెలితిప్పే జాయ్‌స్టిక్ ఒకటి, దాని అడుగున ఇంజిన్ జోరు పెంచే చిన్న థ్రాటిల్ మీట. పెడళ్లు లేవు. బ్రేకుకు ఒక బటన్ పెట్టుకున్నాను. రడ్డర్, అదే ముక్కును పక్కలకు తిప్పే తోక పలక, కుడికి మొత్తం ఇచ్చినా ఎడమకే పోతోంది. తప్పు సిమ్యులేటర్‌దా, నాదా?

మదనపల్లె టొమాటో · శుక్రవారం రాత్రి 11:34

సెట్టింగుల్లో రడ్డర్ సహాయం అని ఒకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేసుకుని హాయిగా నిద్రపోండి.

రేణిగుంట కంచె · శుక్రవారం రాత్రి 11:58

టొమాటో గారూ, అలా అయితే మస్కిటో ఎక్కడం ఎందుకండీ, కిటికీ పక్క సీటు కొనుక్కుంటే సరిపోతుంది కదా.

కోనేటికట్ట గారూ, సిమ్యులేటర్ తప్పేమీ లేదు. ఆ విమానమే అంత. మీరు నడిపిన జెట్లకు మూడో చక్రం ముక్కు కింద ఉంటుంది, విమానం బరువు పెద్ద చక్రాలకు ముందు పడుతుంది. అందుకని కాస్త పక్కకు తిరిగినా తనంతట తానే సర్దుకుంటుంది. మస్కిటోకు మూడో చక్రం తోక కింద, బరువు పెద్ద చక్రాలకు వెనక. ముక్కు వేలెడు పక్కకు పోతే వెనకున్న బరువు తాను ముందుకు రావాలని చూస్తుంది. వేలెడు జానెడవుతుంది, జానెడు మూరెడవుతుంది. మీ ఏడు గిరగిరలూ ఇవే. పైగా ఆ తోక చక్రానికి తాళం లేదు, ఎటు నెడితే అటు తిరుగుతుంది.

ఇక ఎడమకే ఎందుకన్నది. రెండు మెర్లిన్ ఇంజిన్ల ప్రొపెల్లర్లూ ఒకే వైపు తిరుగుతాయి. పైలట్ సీట్లోంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు. అమెరికావాళ్ల పి-38లో ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతాయి కాబట్టి ఒకదాని గుంజుడును ఇంకొకటి మింగేస్తుంది. ఇక్కడ ఆ సుఖం లేదు. ప్రొపెల్లర్లు కుడికి తిరుగుతుంటే విమానం ఎడమకు ఒరగాలని చూస్తుంది, బరువంతా ఎడమ చక్రం మీద పడి ఆ చక్రం ఎక్కువ ఈడుస్తుంది. తోక నేల మీద ఉన్నంతసేపు ప్రొపెల్లర్లు వెనక్కి వాలి ఉంటాయి, దాంతో కిందికి దిగుతున్న కుడివైపు బ్లేడు ఎక్కువ గాలిని పట్టుకుంటుంది. మళ్లీ ఎడమకే. తోక లేచింది, బాధ తీరింది అనుకునేలోపు ఇంకొకటి. తిరుగుతున్న బొంగరాన్ని వేలితో వంచబోతే అది మీరు నెట్టిన వైపు పోకుండా పక్కకు పోతుంది చూశారా? తోక ఎత్తే క్షణంలో ఆ రెండు పెద్ద ప్రొపెల్లర్లూ అలాగే ముక్కును ఎడమకు విసురుతాయి. ఎంత త్వరగా ఎత్తితే అంత గట్టిగా.

కుడి రడ్డర్ మొత్తం ఇచ్చినా అంటున్నారు. రడ్డర్ ఒక్కటే, మధ్యలో ఉంది. ఇంజిన్లు రెండు పక్కల ఉన్నాయి. ప్రొపెల్లర్ల గాలి దానికి సరిగా తగలదు. వేగం వచ్చేదాకా అది అలంకారమే.

చంద్రగిరి కోట · శనివారం ఉదయం 6:45

కంచె గారు జబ్బు చెప్పారు, మందు చెప్పలేదు. మందు థ్రాటిల్. ఎడమ ఇంజిన్‌ను కుడిదానికంటే కాస్త ముందు ఉంచి రెండూ తెరవండి. ఎడమ ఇంజిన్ ఎక్కువ లాగితే ముక్కు కుడికి పోతుంది, దాంతో లెక్క సరిపోతుంది. ఆనాటి పైలట్లూ అదే చేసేవారు. మెర్లిన్ 25 ఇంజిన్‌కు +18 పౌండ్ల బూస్ట్ (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి) దాకా అనుమతి ఉంది కదా అని ఖాళీ విమానానికి అంతా ఇవ్వకండి. బాంబులు లేకుండా నేర్చుకునేటప్పుడు అందులో సగం చాలు. ఇంజిన్ తిరుగుడు నిమిషానికి మూడు వేలు ఉంచి, బూస్ట్ మెల్లగా పెంచండి.

కోనేటికట్ట · శనివారం ఉదయం 7:10

కోట గారూ, నాకున్నది ఒకటే మీట. రెండు ఇంజిన్లూ దానికే కట్టి ఉన్నాయి. ఎడమది ముందుకు ఎలా ఉంచను?

రేణిగుంట కంచె · శనివారం ఉదయం 7:32

ఉంచలేరు, ఉంచనక్కరలేదు కూడా. కోట గారి మందు మొదటి నాలుగైదు సెకన్లకే. ఇంజిన్ మాట వినడానికి ఒక క్షణం పడుతుంది, మీరు ఎడమ మీటను ముందుకు తోసి అది అందుకునేసరికి ముక్కు ఇంకెక్కడో ఉంటుంది. దాన్నే నమ్ముకుంటే రన్‌వే అంతా పాములా పోతారు. వేగం వచ్చాక రడ్డర్‌తోనే పట్టుకోవాలి.

చంద్రగిరి కోట · శనివారం ఉదయం 7:40

పాములా పోయినా పైకి లేచాను. మూడేళ్లుగా లేస్తున్నాను.

బెల్లం బండి · పెనుమూరు · శనివారం ఉదయం 9:05

ఇద్దరూ కాసేపు ఆగండి. ఆ అబ్బాయికి రన్‌వే దాకా వెళ్లడమే రావడం లేదు, మీరేమో పైకి లేపుతున్నారు.

తమ్ముడూ, చెరకు ట్రాలీ తగిలించిన ట్రాక్టరును ఎప్పుడైనా వెనక్కి నడిపావా? మా వైపు గానుగ దగ్గర ప్రతి కుర్రవాడూ ముందు అక్కడే ఏడుస్తాడు. ట్రాలీ ఎడమకు పోతోంది కదా అని స్టీరింగ్ తిప్పి అది సర్దుకునేదాకా అలాగే పట్టుకుంటాడు. అది సర్దుకుని, ఆగకుండా రెండో వైపు పోయి మడత పడుతుంది. తెలిసినవాడు స్టీరింగ్ తిప్పుతాడు, ట్రాలీ కదలడం మొదలుపెట్టగానే, అది ఇంకా చెప్పిన మాట పూర్తిగా వినకముందే, తిరిగి నేరుగా పెట్టేస్తాడు. మస్కిటో అంటే నాకు అదే ట్రాలీ, ముందుకు పోయే ట్రాలీ. కుడి రడ్డర్ ఇవ్వు, ముక్కు ఎడమకు పోవడం తగ్గుతోంది అనిపించగానే తీసెయ్. ఆగేదాకా ఎదురుచూశావంటే ఆలస్యమైపోయింది.

ఇక బ్రేకు. ఆ విమానానికి కాలి బ్రేకులు లేవు. చేతి కర్రకు సైకిల్ బ్రేకులాంటి మీట ఒకటి ఉంటుంది, గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. రడ్డర్ మధ్యలో ఉంటే రెండు చక్రాలూ సమానంగా పట్టుకుంటాయి. రడ్డర్ ఎడమకు ఉంటే ఎడమ చక్రం ఎక్కువ పట్టుకుంటుంది. అంటే ముందు రడ్డర్, తర్వాత మీట, ఆ వరుస మారకూడదు. నువ్వు బటన్ పెట్టావు. బటన్ అంటే గాలి మొత్తం ఒకేసారి చక్రం మీద పడుతుంది, గడ్డిలోకి పోక ఎక్కడికి పోతుంది? ఇంట్లో పాత గేమ్‌ప్యాడ్ ఉంటే దాని వేలి మీటను బ్రేకుకు కట్టు. కొంచెం నొక్కితే కొంచెం పడుతుంది. అదీ నొక్కి పట్టుకోకు, ముట్టుకుని వదులు. ఊరికే నొక్కుతూ పోతే బ్రేకు గాలి నిల్వ ఉండే సీసాలో గాలి తగ్గిపోతుంది, ఇంజిన్ నిదానంగా తిరుగుతున్నప్పుడు మళ్లీ నిండడం నిదానమే. గాలి ఒత్తిడి చూపే గడియారం మీద ఒక కన్ను వేసి ఉంచు.

రన్‌వే మధ్యకు వచ్చి నేరుగా నిలబడ్డాక ఇంకొక నాలుగు గజాలు ముందుకు పోయి ఆగు. తోక చక్రం అప్పుడు నేరుగా వస్తుంది. అడ్డంగా ఉన్న తోక చక్రంతో పరుగు మొదలుపెడితే ఆదిలోనే ఒక తోపు తిన్నట్టే.

మాధవమాల చెక్క · శనివారం ఉదయం 10:20

మస్కిటో పేరు కనిపించింది కాబట్టి ఆగలేకపోయాను. మాది బొమ్మలు చెక్కే ఊరు. ఆ విమానం ఒళ్లంతా చెక్క అని తెలుసుకున్న రోజు నుంచి దానిమీద నాకు వేరే అభిమానం. పైన కింద పల్చటి బర్చ్ ప్లైవుడ్, మధ్యలో దూదిలాంటి బాల్సా. ఒళ్లును నిలువునా రెండు సగాలుగా, చింతకాయ ఒలిచినట్టు, విడివిడిగా చేసేవారు. తీగలూ గొట్టాలూ చాలావరకు లోపల అమర్చి తర్వాత రెండు సగాలనూ జిగురుతో అతికించేవారు. మొదటిసారి ఎగిరింది 1940 నవంబరు 25న, ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్‌లో.

మనకు దగ్గరి సంబంధం కూడా ఉంది. బర్మా యుద్ధానికి వచ్చిన బ్రిటిష్ వైమానిక దళం 45వ స్క్వాడ్రన్ 1944లో మస్కిటోకు మారింది మన పక్కనున్న బెంగళూరు యలహంకలోనే. అదే ఏడాది మన దేశంలో కొన్ని మస్కిటోలు గాలిలోనే విరిగిపోయాయి, మిగతావాటిని నేల మీదే ఆపి విచారణ చేశారు. రెక్కల్లో అతుకు సరిగా పట్టని చోట్లు బయటపడ్డాయి. ఎండా వానా చెక్కను ఏం చేస్తాయో మా ఇంట్లో పదేళ్ల పిల్లవాడిని అడిగినా చెబుతాడు. ఆరని చెక్కకు జిగురు పెట్టకూడదు, పెట్టినా అది ఎక్కువ కాలం నిలవదు.

మదనపల్లె టొమాటో · శనివారం ఉదయం 10:31

అంటే ఈయన స్పిట్‌ఫైర్‌ను గుద్దింది చెక్క విమానంతోనా? మరీ దారుణం.

కోనేటికట్ట · శనివారం రాత్రి 10:50

బండి అన్నయ్యా, మీకు దండం. గేమ్‌ప్యాడ్ మేనమామ కొడుకు దగ్గర తెచ్చుకున్నాను. ఒక మీట కదలదు గానీ రెండోది చాలు. ఈ రోజు ఒక్కసారి కూడా గడ్డిలోకి పోలేదు. పార్కింగ్ నుంచి రన్‌వే దాకా వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లాను. అలా ఆరుసార్లు తిరిగాను. ఏడోసారి దారిలో ఆగి ఎక్కువసేపు చూస్తూ కూర్చుంటే ఇంజిన్ వేడెక్కి ఆవిరి కక్కింది. రేడియేటర్ తలుపులు తెరవడం మరచిపోయాను.

కంచె గారి మాట విని తోక మెల్లగా ఎత్తాను. నాలుగుసార్లు పరుగు పెట్టాను. ఇదివరకు సగంలో పోయేది, ఇప్పుడు మూడు వంతులు వెళ్తోంది. కానీ నాలుగుసార్లూ ఎడమ అంచుకే. విచిత్రం ఏమిటంటే ఇప్పుడు అది తిరగడం లేదు, నేరుగానే పోతోంది. నేరుగా ఎడమ అంచు మీదికి పోతోంది.

చంద్రగిరి కోట · శనివారం రాత్రి 11:02

నేను చెప్పిన థ్రాటిల్ సంగతి ఇప్పటికైనా వింటారా?

రేణిగుంట కంచె · శనివారం రాత్రి 11:15

నేరుగా పోతూ ఎడమకు పోవడమా? పక్క గాలి పెట్టుకున్నారా? రడ్డర్‌ను చేయి పెట్టకుండానే ఒక వైపు పట్టి ఉంచే ట్రిమ్ కొద్దిగా కుడికి పెట్టి చూడండి.

కోనేటికట్ట · శనివారం రాత్రి 11:21

గాలి సున్నా. ట్రిమ్ కుడికే ఉంది.

పాత ఘాట్ రోడ్డు · తిరుపతి · ఆదివారం ఉదయం 5:40

నమస్కారం. నాకు విమానాల సంగతి తెలియదు. మా మనవడు ఈ చర్చ చదివి వినిపిస్తున్నాడు, నేను చెబుతుంటే వాడే టైపు చేస్తున్నాడు. నేను కొండకు బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఒకటి అడుగుతాను బాబూ. ఆ విమానంలో నువ్వు కూర్చునేది మధ్యలోనా, పక్కనా?

కోనేటికట్ట · ఆదివారం ఉదయం 6:05

ఎడమవైపు తాతగారూ. కుడివైపు, కాస్త వెనకగా నావిగేటర్ కూర్చుంటాడు.

పాత ఘాట్ రోడ్డు · ఆదివారం ఉదయం 6:12

పరుగు పెట్టేటప్పుడు ఏం చూస్తావు?

కోనేటికట్ట · ఆదివారం ఉదయం 6:14

విమానం ముక్కును రన్‌వే చివరికి గురిపెట్టి, అది కదలకుండా చూసుకుంటాను.

పాత ఘాట్ రోడ్డు · ఆదివారం ఉదయం 6:40

మరి ఎడమకు పోక ఏమవుతుంది నాయనా.

ముక్కు ఉన్నది విమానం మధ్యలో. నీ కన్ను ఉన్నది మధ్యకు ఎడమన. నీ కంటి నుంచి ముక్కు కొస మీదుగా గీత గీస్తే అది ఏటవాలుగా కుడికి పోతుంది. ఆ ఏటవాలు గీతను తీసుకువెళ్లి రోడ్డు చివర పెట్టావంటే బండి ఎటు చూస్తున్నట్టు? ఎడమకు. బండి తప్పు చేయడం లేదు, నువ్వు చెప్పిన చోటికే పోతోంది.

బస్సులో మేము కుడివైపు కూర్చుంటాం. కొత్త డ్రైవరు బస్సు ముందు అద్దం నడుమను రోడ్డు నడుమన పెట్టాలని చూస్తాడు, బస్సు ఎప్పుడూ కుడికి జరిగిపోతుంది. దిగేది పాత ఘాట్ రోడ్డు, 1944లో వేసింది. కుడికి జరిగితే గోడ, ఎడమకు జరిగితే లోయ. మాకు నేర్పిన పెద్దాయన ఒకటే చెప్పేవాడు. నీ కంటికి ఎదురుగా అద్దం మీద ఒక మచ్చ చూసుకో. ఆ మచ్చ ఎటు పోతే బండి అటు పోతుంది. మిగతా బండి సంగతి నీ వీపుకు తెలుసు.

మనవడు అడుగుతున్నాడు, విమానంలో నీ కంటికి ఎదురుగా ఏదైనా ఉందా అని.

రేణిగుంట కంచె · ఆదివారం ఉదయం 7:00

ఉంది! తుపాకీ గురి చూసే అద్దం సరిగ్గా పైలట్ ముందే ఉంటుంది. నాలుగు ఫిరంగులకూ నాలుగు మెషిన్ గన్లకూ గురి చూడటానికి పెట్టింది కదా, అది మధ్యలో ఉంటే ఏం లాభం. మూడేళ్లుగా ఈ విమానం నడుపుతున్నాను, నాకు తెలియకుండానే దాంట్లోంచే చూస్తున్నాను. అందుకే అది చెప్పాలని తట్టలేదు. తాతగారూ, నమస్కారం.

చంద్రగిరి కోట · ఆదివారం ఉదయం 7:20

నేను ఇప్పుడే పరీక్షించాను. ముక్కుతో గురిపెట్టి రెండుసార్లు, అద్దంతో రెండుసార్లు. తేడా ఉంది. నా ఎడమ థ్రాటిల్ నాకు ఇన్నాళ్లూ సగం పని దీనికే చేసిందేమో. అయినా నేను థ్రాటిల్ వదలను.

బెల్లం బండి · ఆదివారం ఉదయం 8:15

ఇంకొకటి, తమ్ముడూ. నువ్వు మెలితిప్పే జాయ్‌స్టిక్ అన్నావు. దానికి మధ్యలో చలనం లేని చోటు, అదే డెడ్ జోన్, ఎంత పెట్టావు? జెట్లకు చాలామంది పెద్దది పెట్టుకుంటారు. అది పెద్దదిగా ఉంటే నువ్వు కొంచెం తిప్పినప్పుడు ఏమీ జరగదు, ఇంకొంచెం తిప్పగానే ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ట్రాలీని కొసవేలితో సర్దాల్సిన చోట గునపంతో సర్దినట్టు.

కోనేటికట్ట · సోమవారం ఉదయం 5:55

లేచింది.

రాత్రి రెండు గంటలు కరెంటు లేదు. నాలుగున్నరకు వచ్చింది, అప్పుడే కూర్చున్నాను. డెడ్ జోన్ చూస్తే పది ఉంది, ఎప్పుడు పెట్టానో గుర్తు లేదు. బాగా తగ్గించాను. జాయ్‌స్టిక్ స్పందనకు వంపు పెట్టాను, మధ్యలో మెత్తగా, చివర్లో గట్టిగా ఉండేలా. నాలుగు గజాలు ముందుకు పోయి ఆగాను. గురి అద్దం రన్‌వే చివర ఉన్న చెట్టు మీద పెట్టాను. బూస్ట్ మెల్లగా పెంచాను. ఎడమకు తిరగబోయింది, కుడి ఇచ్చాను, తగ్గుతోంది అనిపించగానే తీసేశాను. ఇంకోసారి. ఇంకోసారి. తోక ఎత్తుతున్నప్పుడు అది విసిరింది, కానీ ఈసారి అది వస్తుందని నాకు తెలుసు కాబట్టి ముందే చేయి సిద్ధంగా ఉంది. చెట్టు పెద్దదైంది, తర్వాత కిందికి పోయింది. అప్పుడు అర్థమైంది పైకి వచ్చానని.

అరవలేదు, ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు.

లేచాక సంతోషం పట్టలేక ముక్కు బాగా పైకి ఎత్తాను. వేగం పడిపోయి ఎడమ రెక్క ఒరిగింది. ఎలాగో సర్దుకుని చెట్ల మీదుగా బయటపడ్డాను.

రేణిగుంట కంచె · సోమవారం ఉదయం 7:30

శుభాకాంక్షలు! కానీ ఆ చివరిది మళ్లీ చేయకండి. ఈ విమానం లేచే వేగానికీ, ఒక ఇంజిన్ ఆగినా నేరుగా నిలబెట్టగలిగే వేగానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ మధ్యలో ఒక ఇంజిన్ పోయిందంటే, ముఖ్యంగా ఎడమది పోయిందంటే, రడ్డర్ మొత్తం ఇచ్చినా చాలదు. లేవగానే చక్రాలు ఎత్తండి, ముక్కు దించి నేలకు దగ్గరగానే పరుగెత్తించి వేగం పోగు చేయండి. ఎత్తు తర్వాత దానంతట అదే వస్తుంది. బాంబులు పెట్టుకుంటే ఇది ఇంకా ముఖ్యం. లోపల రెండు, రెక్కల కింద రెండు, ఒక్కొక్కటి 500 పౌండ్లు. ఆ బరువుతో మీరు చేసిన పని చేస్తే చెట్ల మీదుగా కాదు, చెట్లలోకే.

కోనేటికట్ట · సోమవారం ఉదయం 7:41

చక్రాలు ఎత్తడం మరచిపోయాను. పది నిమిషాలు అలాగే తిరిగాను. ఎందుకు వేగం రావడం లేదా అని అనుకుంటూ ఉన్నాను.

మదనపల్లె టొమాటో · సోమవారం ఉదయం 8:02

ఆ స్పిట్‌ఫైర్ యజమానికి క్షమాపణ చెప్పారా?

పాత ఘాట్ రోడ్డు · సోమవారం ఉదయం 8:30

సంతోషం బాబూ. మనవడు ఇప్పుడు తనకూ ఆ జాయ్‌స్టిక్ కావాలంటున్నాడు. ధర ఎంతో వాడికి చెప్పకు, నాకు విడిగా చెప్పు.

చంద్రగిరి కోట · సోమవారం ఉదయం 9:10

గేమ్‌ప్యాడ్‌లో కదలని ఆ మీట బాగు చేయించి దాన్ని ఎడమ ఇంజిన్‌కు కట్టండి. అంతకంటే ఏమీ అనను.

బెల్లం బండి · సోమవారం సాయంత్రం 6:20

వంపు ఎంత పెట్టావో చెప్పు తమ్ముడూ. నా పెడళ్లకూ వేసి చూస్తాను.

కోనేటికట్ట · సోమవారం సాయంత్రం 6:48

ఇరవై అన్నయ్యా. డెడ్ జోన్ ఒకటి. సున్నా పెడితే జాయ్‌స్టిక్ ముట్టుకోకపోయినా ముక్కు వణుకుతోంది, నాది పాతది కదా.